గోదావరి ఒడ్డు పొలానికి భూసార కార్డు, సాగునీటి పరీక్ష: ఒక సమీక్ష

కోనసీమలో గౌతమి పాయ ఏటిగట్టును ఆనుకుని మాకున్న భూమిలో కొంత గట్టుకు బయట వరి చేను, మరికొంత గట్టు లోపల లంక మెరక. ఈ భూమి కోసం నేను వాడుకున్న రెండు సేవలను ఇక్కడ సమీక్షిస్తున్నాను. ఒకటి ప్రభుత్వం ఇచ్చే భూసార ఆరోగ్య కార్డు. రెండోది సాగునీటి పరీక్ష. దాన్ని ఒక ప్రైవేటు ప్రయోగశాలలో రుసుము కట్టి చేయించుకున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. వరి చేనుకు ఈ కార్డు తప్పక తీసుకోవలసినదే. లంక భూమికి మాత్రం అది సగమే పనికొస్తుంది. కాలువ నీరు కాక బోరు నీరు పారే చోట నీటి పరీక్ష తోడు లేనప్పుడు అది అసంపూర్ణం. నది పక్క భూమిలో మట్టి గుణాన్ని ఏటా మార్చేది నీరే. ఆ నీటి సంగతి అడగకుండా మట్టికి మాత్రమే మార్కులు వేసే పరీక్ష ఎంత కచ్చితంగా చేసినా రైతుకు సగం సమాధానమే ఇస్తుంది.

భూసార ఆరోగ్య కార్డు పథకం 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో మొదలైంది. కార్డులో 12 అంశాలు ఉంటాయి: ఉదజని సూచిక (పీహెచ్, అంటే నేల ఆమ్లమో క్షారమో చెప్పే అంకె), లవణ సూచిక (ఈసీ, అంటే కరిగిన ఉప్పు ఎంతో చెప్పే అంకె), సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. నమూనాకు అయ్యే ఖర్చును కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు పంచుకుంటాయి. జాతీయ ఉత్పాదకతా మండలి 2017లో చేసిన అధ్యయనం ప్రకారం, కార్డు సిఫారసులు పాటించిన చోట రసాయన ఎరువుల వాడకం 8 నుంచి 10 శాతం తగ్గింది, దిగుబడి 5 నుంచి 6 శాతం పెరిగింది. దేశమంతటి సగటు కాబట్టి దాన్ని ఏ ఒక్క ఊరికీ నేరుగా అన్వయించలేం గాని, ఇంత తక్కువ ఖర్చుతో నడిచే సేవకు అది మంచి ఫలితమనే నేను అనుకుంటున్నాను.

ఒడ్డు భూముల విషయంలో చిక్కు నమూనా దగ్గరే మొదలవుతుంది. పథకం నియమం ప్రకారం నీటి వసతి ఉన్న భూముల్లో 2.5 హెక్టార్లకు ఒక నమూనా, వర్షాధార భూముల్లో 10 హెక్టార్లకు ఒక నమూనా తీస్తారు. 2.5 హెక్టార్లంటే ఆరు ఎకరాల పైమాటే. తెలంగాణ నల్లరేగడిలోనో, రాయలసీమ ఎర్ర చెలకలోనో ఆరు ఎకరాల మేర మట్టి ఒకే తీరుగా ఉండవచ్చు. గోదావరి ఒడ్డున అలా ఉండదు. వరద నీరు ఒడ్డు దాటి పొంగినప్పుడు దాని వేగం ఒక్కసారిగా తగ్గిపోతుంది. ముందుగా బరువైన ఇసుక ఒడ్డు పక్కనే పడిపోతుంది, ఆ తర్వాత సన్నని ఒండ్రు దిగుతుంది, బంకమన్ను మాత్రం నీటితో పాటు పల్లం దాకా వెళ్లి అక్కడ నిలిచిన నీటిలో మెల్లగా కూర్చుంటుంది. అందుకే నది నుంచి ఊరి వైపు నడిచేకొద్దీ కాలి కింద ఇసుక గరప, ఒండ్రు, జిగురు బంక వరసగా తగులుతాయి. ఈ మూడు రకాల మట్టిని కలిపి తీసిన నమూనాకు వచ్చే అంకె ఆ మూడింటిలో దేనికీ చెందదు. మెరక ఇసుకలో నత్రజని ఒక్క తడికే వేరు కిందకు జారిపోతుంది. పల్లం బంకలో అదే మోతాదు రోజుల తరబడి నిలుస్తుంది. సగటు అంకె చూసి ఎరువు వేస్తే ఒక చోట చాలదు, మరో చోట ఎక్కువవుతుంది.

లంకలో ఇంకో సమస్య కూడా ఉంది. 2022 జులై వరదలో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి వరద వచ్చి పోయాక లంక మీద కొత్త పొర పడుతుంది, లేదా ఉన్న పొర కొట్టుకుపోతుంది. వరదకు ముందు తీసుకున్న కార్డు ఆ తర్వాత ఎక్కడో అడుగున ఉన్న మట్టి గురించి మాట్లాడుతున్నట్టే. కాబట్టి గట్టు లోపల సాగు చేసేవారు కార్డు మీద ఉన్న కాలపరిమితిని లెక్కలోకి తీసుకోకుండా, పెద్ద వరద వచ్చిన ప్రతిసారీ నీరు తీసి మట్టి ఆరాక మళ్లీ పరీక్షకు ఇవ్వడం మేలు. ఆనకట్టకు ఎగువన ఏ వాన కురిసిందో, ఏ ఉపనది పొంగిందో బట్టి వచ్చే ఒండ్రు మారుతుంది. పోయిన వరద పొర మంచి మట్టిని తెచ్చిందని ఈసారి కూడా అదే వస్తుందనుకోవడానికి లేదు.

నమూనా తీసే పద్ధతి గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ప్రయోగశాల ఎంత మంచిదైనా తప్పుగా తీసిన మట్టికి సరైన జవాబు ఇవ్వలేదు. చేను మీద వంకరటింకరగా నడుస్తూ 8 నుంచి 10 చోట్ల, పైనున్న మోళ్లను, చెత్తను పక్కకు తీసి, ఇంగ్లీషు వి అక్షరం ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వాలి. గుంటలో ఉన్న మట్టినంతా తీసి పారేసి, గుంట గోడను పై నుంచి కింద దాకా రెండు మూడు సెంటీమీటర్ల మందాన ఒకే ముక్కగా చెక్కాలి. ఆ ముక్కలన్నీ గుడ్డ మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండింటిని తీసేస్తూ అర కిలో మిగిలే దాకా తగ్గించుకుంటూ రావాలి. నీడలో ఆరబెట్టాలి. గట్టు పక్కన, కొబ్బరి మొదట్లో, పెంటకుప్ప వేసిన చోట, కాలువ బోదె నీరు పడే మూలలో తీయకూడదు. జింకు, ఇనుము లాంటి సూక్ష్మపోషకాల పరీక్ష ఉన్నప్పుడు తుప్పు పట్టిన గడ్డపారతో చెక్కితే ఆ తుప్పే నమూనాలోకి చేరుతుంది. ఖాళీ యూరియా గోతంలో పోసి పంపిన మట్టికి నత్రజని అంకె ఏం వస్తుందో చెప్పనక్కరలేదు. ఈ జాగ్రత్తలన్నీ శిక్షణ కరపత్రాల్లో ఉన్నవే. పొలంలో దిగి చూస్తే, మెత్తని చోట రెండు గుంటలు తవ్వి సంచి నింపేయాలన్న తొందర అందరికీ ఉంటుంది. నమూనా తీసే వేళ రైతు పక్కనే నిలబడి ప్రతి గుంటను చూడడం తన హక్కుగా భావించాలి. కౌలు రైతుకు ఆ అవకాశం తప్పక దక్కాలి. ఈ ప్రాంతంలో దమ్ము చేసేదీ ఎరువు కొనేదీ ఎక్కువగా కౌలుదారే కాబట్టి, పట్టాదారు ఇంటి బీరువాలో ఉన్న కార్డు వల్ల చేనుకు ఒరిగేదేమీ లేదు.

ఇక అంకెల సంగతి. కార్డులోని 12 అంశాలను ఒకే స్థాయిలో నమ్మనవసరం లేదు. నా లెక్కలో అన్నింటికన్నా విలువైనవి ఉదజని సూచిక, లవణ సూచిక, సేంద్రియ కర్బనం, జింకు. అన్నింటికన్నా బలహీనమైనది నత్రజని.

లవణ సూచికను చదవడంలో ఒక మెలిక ఉంది, దాన్ని కార్డు స్పష్టంగా చెప్పదు. భూమి పాలచౌడు (ఉప్పు పేరుకున్న నేల) అవునో కాదో తేల్చడానికి శాస్త్రజ్ఞులు వాడే హద్దు మీటరుకు 4 డెసీసీమెన్లు; లవణ సూచికను కొలిచే ప్రమాణం ఇదే. ఆ హద్దు మట్టిని నీటితో ముద్దగా చేసి, ఆ ముద్ద నుంచి పీల్చి తీసిన నీటికి వర్తిస్తుంది. కార్డు కోసం చేసే పరీక్షలో మాత్రం మట్టికి రెండు, రెండున్నర రెట్ల నీరు కలిపి కొలుస్తారు. లవణం అంతే ఉన్నా నీరు ఎక్కువ కాబట్టి అంకె బాగా తక్కువగా కనిపిస్తుంది, ఇసుక నేలల్లో ఆ తేడా మరీ ఎక్కువ. అందుకే కార్డులో 1 దాటగానే జాగ్రత్త పడాలి. పుస్తకాల్లో 4 అని చదివి, కార్డులో 1.3 చూసి ధైర్యంగా ఉంటే నష్టం. వరి పైరు ముద్ద నీటి లెక్కలో 3 దాకా ఓర్చుకుంటుందని, ఆపై ప్రతి ఒక్క అంకెకు దిగుబడి సుమారు 12 శాతం చొప్పున పడిపోతుందని 1977లో మాస్, హాఫ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు కూర్చిన పట్టిక చెబుతుంది. ఏ పద్ధతిలో కొలిచారో అంకె పక్కనే ఒక్క మాట అచ్చు వేస్తే శివారు భూముల రైతుకు ఎంతో మేలు జరిగేది.

సేంద్రియ కర్బనాన్ని కొలిచే పద్ధతి 1934 నాటి వాక్లీ, బ్లాక్‌లది. ప్రయోగశాలలో ఒకసారి దగ్గర నిలబడి చూడదగినది. అర గ్రాము మట్టిలో నారింజ రంగు డైక్రోమేటు ద్రావణం పోసి, దాని మీద గాఢ గంధకామ్లం వదలగానే ఫ్లాస్కు చేత్తో పట్టుకోలేనంతగా వేడెక్కుతుంది. మట్టిలోని కర్బనం ఆ వేడిలో కరిగి ఆక్సీకరణ చెందుతుంది. అరగంట తర్వాత నీరు కలిపి, సూచిక చుక్కలు వేసి, బ్యూరెట్టు నుంచి ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేటును చుక్కచుక్కగా వదులుతారు. ముదురు ఊదారంగులో ఉన్న ద్రావణం చివరికి ఒక్క చుక్కతో ఆకుపచ్చగా మారిపోతుంది. ఆ ఒక్క చుక్క దగ్గర చేయి ఆపగలిగిన మనిషి నేర్పు మీదే కార్డులోని ఆ అంకె ఆధారపడి ఉంటుంది. ఈ పద్ధతికి మట్టిలోని కర్బనంలో సగటున 77 శాతమే చిక్కుతుంది కనుక ఫలితాన్ని 1.3తో గుణించే ఆనవాయితీ ఉంది. ఒక చోట గుణించి, మరో చోట గుణించకుండా రాస్తే అదే మట్టికి రెండు అంకెలు వస్తాయి. కాబట్టి కర్బనం పెరిగిందో తగ్గిందో తెలుసుకోవాలంటే ప్రతిసారీ ఒకే ప్రయోగశాలకు, ఒకే కాలంలో తీసిన నమూనా ఇవ్వాలి. 0.5 శాతం కన్నా తక్కువ ఉంటే తక్కువ అని, 0.75 దాటితే ఎక్కువ అని కార్డు చెబుతుంది. లంక ఇసుకలో ఈ అంకెను పెంచడం కష్టం. పల్లం వరిలో జీలుగు, జనుము, పిల్లిపెసర వేసి కలియదున్నితే కాలక్రమంలో కదులుతుంది.

నత్రజని అంకెను నేను ఎందుకు బలహీనం అంటున్నానో చెప్పాలి. కొన్ని ప్రయోగశాలలు దాన్ని విడిగా కొలవకుండా కర్బన శాతం నుంచి అంచనా వేస్తాయి. విడిగా కొలిచినా, ఎండిన మట్టిలో ఆ రోజు ఉన్న నత్రజని వేరు, నీరు నిలిచిన వరి మడిలో నెల తర్వాత పైరుకు అందే నత్రజని వేరు. నీట మునిగిన మట్టి రసాయన స్వభావం మీద ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో శ్రీలంక శాస్త్రజ్ఞుడు పొన్నంపెరుమ చాలా ఏళ్లు పని చేశారు. మడిలో నీరు పెట్టిన కొద్ది వారాల్లో ఆమ్ల నేల ఉదజని సూచిక పెరిగి, క్షార నేలది తగ్గి, రెండూ 7 దగ్గరకు వస్తాయని, భాస్వరం మరింతగా అందుబాటులోకి వస్తుందని, జింకు మాత్రం అందకుండా పోతుందని ఆ పరిశోధనలు స్థిరపరిచాయి. దీన్ని బట్టి కార్డును ఎలా వాడాలో తేలుతుంది. భాస్వరం మధ్యస్థం అని ఉంటే వరికి భయపడనక్కరలేదు, లంకలో వేసే అరటికి, కూరగాయలకు అదే అంకెను ఇంకాస్త గంభీరంగా తీసుకోవాలి. యూరియా పైపాటుకు కార్డు కన్నా, పైరు ఆకు పచ్చదనాన్ని పోల్చి చూసే ఆకు రంగుల చార్టు నమ్మదగినది.

జింకు విషయంలో కార్డు పూర్తి మార్కులకు అర్హమైనది. 1978లో లిండ్సే, నార్వెల్ రూపొందించిన పద్ధతిలో కొలిచే ఈ అంకె కిలో మట్టికి 0.6 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉంటే, నీరు నిలిచే వరిలో లోపం కనిపించే అవకాశం చాలా ఎక్కువ. ఊడ్పులైన రెండు నుంచి నాలుగు వారాల్లో ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు, మధ్య ఈనె పాలిపోవడం, పిలకలు రాకపోవడం చూసి తెగులనుకుని మందు కొట్టిన చేలు మా చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. కార్డు ముందే ఉంటే ఆ మందు డబ్బు మిగులుతుంది. ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటును ఆఖరి దమ్ములో వేయడం, భాస్వరం ఎరువుతో కలపకపోవడం, పైరు మీద కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున పిచికారీ చేయడం మన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఎన్నో ఏళ్లుగా చెబుతున్న సిఫారసే.

ఇప్పుడు నీటి పరీక్ష. కార్డు మీద నీటికి చోటే లేదు. కాలువ నీటితో సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) పండించుకునే పై భూములకు ఇది పెద్ద లోటు కాకపోవచ్చు. వేసవిలో కాలువలు కట్టేశాక బోరు మీద ఆధారపడే లంక తోటలకు, సముద్రానికి దగ్గరైన శివారు భూములకు మాత్రం ఇదే ముఖ్యం. ఒక లెక్క చూడండి. లవణ సూచిక 2 ఉన్న నీటిలో లీటరుకు సుమారు 1.28 గ్రాముల లవణం ఉంటుంది. ఎకరానికి 5 సెంటీమీటర్ల తడి పెడితే 2 లక్షల లీటర్ల నీరు పారుతుంది. అంటే ఒక్క తడితో చేనులోకి 250 కిలోల పైచిలుకు లవణం చేరుతుంది. నీరు ఆవిరైపోతుంది, లవణం మిగిలిపోతుంది. మట్టి కార్డులో లవణ సూచిక పెరిగినట్టు కనిపించేసరికి ఎన్నో తడులు గడిచిపోయి ఉంటాయి. నీటిని ముందే పరీక్షిస్తే ఆ తడులే ఆపుకోవచ్చు.

నేను నీరు ఇచ్చిన ప్రయోగశాలలో మంచి గుణాలున్నాయి. సీసా అందుకున్న తేదీ, సమయం నివేదికలో రాశారు. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం, కార్బొనేటు, బైకార్బొనేటు, క్లోరైడు, సల్ఫేటు అన్నీ విడివిడిగా కొలిచారు. మిల్లీఈక్వివలెంట్లలో (అయాన్ల విద్యుదావేశాన్ని బట్టి లెక్కించే ప్రమాణంలో) చూస్తే ధన అయాన్ల మొత్తం, ఋణ అయాన్ల మొత్తం దాదాపు సరిపోయాయి. ఈ చిన్న కూడిక ఎవరైనా చేసుకోవచ్చు. రెండు మొత్తాలకూ మధ్య తేడా 5 శాతం దాటితే ఏదో ఒక కొలత తప్పినట్టు, మళ్లీ చేయమని అడగవచ్చు. నాకు నచ్చనిదల్లా నివేదిక చివర ఉన్న ఒకే ఒక్క వాక్యం: సాగుకు యోగ్యం. ఏ పంటకు, ఏ మట్టికి, ఎంతకాలం అన్న మాట లేదు. అవశేష సోడియం కార్బొనేటు లెక్క (కార్బొనేటు, బైకార్బొనేటుల నుంచి కాల్షియం, మెగ్నీషియంలను తీసివేస్తే మిగిలేది) కూడా లేదు. దానికి కావలసిన అంకెలన్నీ వాళ్లే కొలిచి ఇచ్చారు గాని, చివరి తీసివేత చేయకుండా వదిలేశారు.

ఆ తీసివేత ఎంత తేలికో, ఎంత అవసరమో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక బోరు నీటిలో కార్బొనేటు, బైకార్బొనేటు కలిపి లీటరుకు 9 మిల్లీఈక్వివలెంట్లు, కాల్షియం, మెగ్నీషియం కలిపి 6 ఉన్నాయనుకుందాం. తేడా 3. ఈ తేడా 1.25 లోపు ఉంటే నీరు మంచిది, 2.5 దాటితే వాడకూడదని 1950ల నుంచి శాస్త్రజ్ఞులు వాడుతున్న హద్దులు. ఇలాంటి నీటి లవణ సూచిక తక్కువగానే ఉండి, నాలుకకు తియ్యగానే అనిపించవచ్చు. పారించేకొద్దీ మట్టిలోని సున్నం గడ్డకట్టి పక్కకు తప్పుకుంటుంది, సోడియం మట్టి రేణువులను పట్టుకుంటుంది, రేణువులు విడిపోయి నేల పైన అట్ట కడుతుంది, నీరు ఇంకడం మానేస్తుంది. అదే కారుచౌడు. పాలచౌడును మంచి నీరు నిలబెట్టి మురుగు తీస్తే కడిగేయవచ్చు గాని, కారుచౌడుకు జిప్సం తప్పదు. పై ఉదాహరణలో 3ను 1.25కు దించాలంటే లీటరు నీటికి సుమారు 150 మిల్లీగ్రాముల శుద్ధ జిప్సం కావాలి. ఎకరానికి 5 సెంటీమీటర్ల తడికి అది 30 కిలోలవుతుంది. మార్కెట్లో దొరికే జిప్సం శుద్ధత అంత ఉండదు కాబట్టి 40 కిలోల దాకా పడుతుంది. ఈ మూడు వరసల లెక్క నివేదికలోనే ఉంటే రైతు దుకాణానికి వెళ్లి ఏం కొనాలో తెలుసుకుని వెళ్తాడు.

నీటి నమూనా ఇచ్చేటప్పుడు ఒక్క సీసా చాలదని నా గట్టి అభిప్రాయం. తీరానికి దగ్గరలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన మంచినీరు ఒక అడుగు ఉంటే కింద సుమారు 40 అడుగుల దాకా ఉంటుందని గైబెన్, హెర్జ్‌బర్గ్ సూత్రం. దీన్ని తిప్పి చదివితే, మోటారు వేసి నీటి మట్టాన్ని ఒక అడుగు దించితే అడుగునున్న ఉప్పునీరు ఎన్నో అడుగులు పైకి ఎక్కి వస్తుంది. అందుకే మోటారు వేసిన కాసేపటికి ఒక సీసా, రెండు మూడు గంటలు నడిచాక ఇంకో సీసా పట్టాలి. రెండో సీసాలో లవణం పెరిగి ఉంటే బోరు లోతు ఎక్కువైందని, లేదా మోటారు శక్తికి మించి తోడుతోందని అర్థం. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం తీరప్రాంత ఇసుక భూముల కోసం దొరువుల పద్ధతిని మెరుగుపరచింది ఈ సూత్రం మీదే: లోతుకు పోకుండా, పై పొరలోని మంచినీటిని అడ్డంగా వేసిన చిల్లుల గొట్టాలతో మెల్లగా సేకరిస్తారు. లంకలో కొత్తగా బోరు వేయాలనుకునేవారు ముందు ఆ పద్ధతిని చూసి రావడం మంచిది. నీటిలో కరిగిన లవణాలను చూపే, జేబులో పెట్టుకునే టీడీఎస్ మీటరు రెండు సీసాల తేడాను పట్టుకోవడానికి బాగానే పనికొస్తుంది. అది చూపే అంకెను ఇంకొకరి మీటరుతో పోల్చకూడదు. లవణ సూచికను కొన్ని మీటర్లు 0.5తో, కొన్ని 0.64తో, కొన్ని 0.7తో గుణించి చూపుతాయి.

తాగునీటికి ఇదే బోరు వాడేవారు ఈ నివేదికను చూసి సరిపెట్టుకోకూడదు. భారత ప్రమాణం ప్రకారం తాగే నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, ఫ్లోరైడు 1 లోపు ఉండాలి. సూక్ష్మజీవుల పరీక్షకు వేరే శుద్ధి చేసిన సీసా కావాలి. అది వేరే సేవ, వేరే రుసుము.

ఈ రెండు సేవలూ అసలే ముట్టుకోనిది ఒడ్డు. పొలానికీ నదికీ మధ్య ఉన్న రెల్లు, తుంగ, జమ్ము, కానుగ, ఏరుమద్ది పట్టీ పొలం మట్టిని, నది నీటిని రెండింటినీ కాపాడుతుందని పరిశోధనలు బలంగా చెబుతున్నాయి. 1984లో వెలువడిన అధ్యయనంలో, అమెరికాలోని మేరీల్యాండ్‌లో పీటర్‌జాన్, కోరెల్ అనే పరిశోధకులు ఒక మొక్కజొన్న పొలం నుంచి నదీతీర అడవి గుండా సాగే భూగర్భ నీటిని వరస బావులతో వెంబడించి కొలిచారు. పొలం నుంచి వచ్చిన నైట్రేటులో పెద్ద భాగం వాగును చేరకముందే ఆ అడవి పట్టీలో తగ్గిపోయింది. తడిగా, గాలి చొరబడకుండా ఉండి, వేళ్ల నుంచి కర్బనం అందే మట్టిలో సూక్ష్మజీవులు నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి. వేళ్లు కొంత పీల్చుకుంటాయి. గోదావరి లంకలో ఇది ఎంతవరకు జరుగుతుందన్నది మట్టిని బట్టి ఉంటుంది. ఊట నీరు ఇసుక పొర గుండా వేగంగా జారితే సూక్ష్మజీవులకు సమయం చిక్కదు. బంక అడ్డొచ్చి నీరు పైపైన వేళ్ల మధ్యగా నడిస్తే మేలు జరుగుతుంది. మరో సంగతి, వరి చేను మిగులు నీరు ఎక్కువగా మురుగు కాలువలో పడి గట్టు తూము గుండా నేరుగా నదిలోకి పోతుంది. అలా పోయేటప్పుడు ఒడ్డున ఎంత రెల్లు ఉన్నా ఆ నీటిని తాకదు. యూరియా చల్లిన వెంటనే మడి గండి తీయకుండా కొన్నాళ్లు నీరు నిలబెట్టడం ఇక్కడ చెట్ల పట్టీ కన్నా ఎక్కువ ఫలితమిచ్చే పని. గౌతమి యానాం దాటాక చేరేది 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరింగ మడ అడవుల పరిసరాలకు. మన మురుగు కాలువ నీరు ఏ చేపపిల్లల మీదకు పోతుందో అక్కడి చేపల వేటగాళ్లను అడిగితే తెలుస్తుంది.

కాబట్టి నేను కోరేది పెద్ద మార్పేమీ కాదు. కార్డులో సాగునీటికి మూడు గళ్లు పెట్టాలి: లవణ సూచిక, సోడియం నిష్పత్తి (కాల్షియం, మెగ్నీషియంలతో పోలిస్తే సోడియం ఎంతో చెప్పేది), అవశేష సోడియం కార్బొనేటు. ఏటిగట్టుకు రెండు వైపులా ఉన్న భూములకు విడివిడి నమూనాలు తీయాలి. చౌడు అనుమానం ఉన్న చోట ఒకే లోతు కాకుండా 15, 30, 60 సెంటీమీటర్ల దగ్గర విడిగా తీయాలి. ఈ పనులకు కావలసిన పరికరాలు ఇప్పుడున్న ప్రయోగశాలల్లో చాలావాటికి కొత్తవి కావు. ఉదజని సూచిక మీటరు, లవణ మీటరు, బ్యూరెట్టు, సోడియం, పొటాషియం కొలిచే జ్వాలా కాంతిమాపకం ఉంటే సరిపోతుంది.

ఆ లోపు ఎవరికి ఏది అవసరమో నా సలహా. కాలువ నీటి మీద రెండు పంటలు వరి వేసేవారు కార్డు ఒక్కటి తీసుకుంటే చాలు. జింకు, కర్బనం అంకెలను శ్రద్ధగా చూడండి. లంకలో అరటి, కంద, కూరగాయలు వేసేవారు మెరకకు ఒకటి, పల్లానికి ఒకటి నమూనా ఇచ్చి, వేసవి బోరు నీటిని తప్పక పరీక్షించండి. శివారు భూముల వారు ముందు నీరు, తర్వాత మట్టి అన్న వరసలో వెళ్లండి. మట్టి నమూనా దాళ్వా కోతలయ్యాక, కాలువలకు నీరు వదలకముందే ఇవ్వాలి. ఆలస్యమైతే ఫలితం ఊడ్పులయ్యాక వస్తుంది, జింకు సల్ఫేటు వేయవలసిన ఆఖరి దమ్ము అప్పటికే దాటిపోయి ఉంటుంది.